ఆకు పొట్లంలో అన్నం, దాని చుట్టూ అల్లుకున్న కథ



‘వేరే దేశాల పండుగ వంటలు’ అని ప్రాజెక్ట్ ఇస్తే, చైనా పేరు కింద పిల్లలు సాధారణంగా రెండు బొమ్మలు అతికిస్తారు. ఒకటి గుండ్రటి మూన్‌కేక్. రెండోది ఆకులో చుట్టి, దారంతో కట్టిన నాలుగు మూలల పొట్లం. దాని పేరు జోంగ్జి. బొమ్మ కింద నాలుగు లైన్ల కథ కూడా ఉంటుంది: పూర్వం ఒక మంచి కవి నదిలో మునిగి చనిపోయాడు, చేపలు ఆయన శరీరాన్ని ముట్టుకోకుండా జనం నదిలోకి అన్నం విసిరారు, అందుకే ఇప్పటికీ ఆ రోజున జోంగ్జి తింటారు.

కథ బాగుంది, పిల్లలకు ఇట్టే గుర్తుండిపోతుంది. అయితే పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఇది చదివాక ఊరుకోరు. ‘ఇది నిజంగా జరిగిందా?’ అంటారు. కాసేపాగి ‘ఆయన ఎందుకు చనిపోయాడు?’ అంటారు. రెండూ ‘ముందు హోంవర్క్ చూసుకో’ అని దాటేసే ప్రశ్నలు కావు. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు మీకు పనికొస్తుందని ఈ నెల జోంగ్జి గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు పొట్లం విప్పుదాం

జోంగ్జి తినేది దువాన్‌వూ పండుగ రోజున. చైనా సంప్రదాయ పంచాంగంలో ఐదో నెల, ఐదో రోజు. పడవ పందేలు జరిగేది కూడా ఆ రోజే కాబట్టి ఇంగ్లిష్‌ పుస్తకాల్లో దీన్ని డ్రాగన్ బోట్ ఫెస్టివల్ అంటారు. వాళ్లది కూడా చంద్రుణ్ణి బట్టి నడిచే పంచాంగమే, మనలాగే అధిక మాసాలూ ఉంటాయి. అందుకే పండుగ తేదీ ఏటా మారుతుంది: 2024లో జూన్ 10న, 2025లో మే 31న వచ్చింది, 2026లో జూన్ 19న. చాలా ఏళ్లు ఇది మన జ్యేష్ఠ శుద్ధ పంచమి దరిదాపుల్లోనే పడుతుంది.

లోపల ఉండేది మామూలు అన్నం కాదు, జిగట బియ్యం. బియ్యంలో పిండి పదార్థం రెండు రకాలు: అమైలోజ్, అమైలోపెక్టిన్. మనం రోజూ వండే సోనా మసూరి లాంటి బియ్యంలో అమైలోజ్ తగినంత ఉంటుంది కాబట్టి అన్నం పొడిపొడిగా, మెతుకు మెతుకుగా వస్తుంది. జిగట బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. ఉడికితే మెతుకులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దగా, సాగుతూ ఉంటుంది. ప్యాకెట్ మీద ‘గ్లూటినస్ రైస్’ అని రాసి ఉంటే కంగారు పడకండి. గోధుమల్లో ఉండే గ్లూటెన్ ఇందులో లేదు. ఆ మాటకు ఇక్కడ అర్థం జిగట అనే.

ఆకు దక్షిణ చైనాలో ఎక్కువగా వెదురు జాతిది, ఉత్తరాన రెల్లు ఆకు. రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి కొంచెం జరిపి పెట్టి, శనగలు అమ్మే పొట్లంలా కోన్ చేస్తారు. నానబెట్టిన బియ్యం పోసి, మధ్యలో కూరేదేదో కూరి, మళ్లీ బియ్యంతో కప్పి, మిగిలిన ఆకు పైకి మడిచి దారం చుడతారు. తర్వాత నీళ్లలో పూర్తిగా ముంచి గంటల తరబడి ఉడికిస్తారు. ఆవిరి మీద కాదు, నీళ్లలోనే. కోనసీమ పొట్టిక్కలు తిన్నవాళ్లకు ఇక్కడ సంగతి వెంటనే అర్థమవుతుంది: ఇడ్లీ పిండికి పనసాకు వాసన ఎలా పడుతుందో, ఈ అన్నానికి వెదురాకు వాసన అలా పడుతుంది. రుచిలో సగం ఆకుదే.

ఎవరా కవి?

ఆయన పేరు చ్యూ యువాన్. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం చివర, మూడో శతాబ్దం మొదట్లో బతికాడు. అప్పటికి చైనా ఒకే దేశం కాదు. ఏడు పెద్ద రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. చ్యూ యువాన్‌ది దక్షిణాన యాంగ్జీ నది ప్రాంతంలోని ఛూ రాజ్యం. పశ్చిమాన చిన్ అనే రాజ్యం రోజురోజుకూ బలపడుతోంది. దాన్ని నమ్మవద్దని, తూర్పున ఉన్న రాజ్యంతో స్నేహంగా ఉండమని ఆయన రాజుకు సలహా ఇచ్చాడు. కొలువులో గిట్టనివాళ్లు చాడీలు చెప్పారు. రాజు ఆయన్ను దూరం పెట్టాడు. ఆ రాజే తర్వాత చిన్ మాటలు నమ్మి అక్కడికి వెళ్లి, బందీగా చిక్కి, అక్కడే చనిపోయాడు. కొత్త రాజు వచ్చాక చ్యూ యువాన్‌కు దేశ బహిష్కారం. ఆ ఏళ్లలో ఆయన రాసినవిగా చెప్పే కవితలు, ముఖ్యంగా ‘లీ సావ్’ అనే దీర్ఘకావ్యం, చైనా సాహిత్యానికి పునాదుల్లాంటివి. క్రీ.పూ. 278లో చిన్ సైన్యం ఛూ రాజధానిని పట్టుకుంది. ఆయన మీలువో నదిలో మునిగి చనిపోయింది ఆ ఏడాదే అని సంప్రదాయం. ఆ నది ఇప్పటి హునాన్ రాష్ట్రంలో ఉంది.

ఇక పిల్లల మొదటి ప్రశ్న. ఇది నిజంగా జరిగిందా?

పాత పుస్తకాలను వరసగా పెట్టి చూస్తే ఇక్కడొక తమాషా ఉంది. చ్యూ యువాన్ జీవితాన్ని మొదట వివరంగా రాసింది సీమా చియన్ అనే చరిత్రకారుడు, క్రీ.పూ. 100 ప్రాంతంలో. అంటే కవి పోయిన 180 ఏళ్లకు. ఆయన మీలువో నది గురించి రాశాడు. కానీ అది ఐదో నెల ఐదో రోజని రాయలేదు. అన్నం మాట లేదు, పడవల మాట లేదు. చ్యూ యువాన్ కోసం నీళ్లలో వేసినట్టు ఆయన రాసింది ఒకే ఒక్కటి, అదీ తినేది కాదు. కవి పోయిన వందేళ్లకు పైగా తర్వాత జియా యీ అనే యువ పండితుడు ఆ ప్రాంతానికి బదిలీ మీద వెళ్తూ, షియాంగ్ నది దాటేటప్పుడు, కవిని తలచుకుని తాను రాసినది నదిలో వేశాడట. కొలువులో చాడీలకు బలైన మనిషే ఆయన కూడా.

మరి జోంగ్జి ఎప్పటిది? క్రీ.శ. మూడో శతాబ్దంలో జోవ్ చూ అనే ఆయన తమ వైపు ఆచారాల గురించి రాసిన పుస్తకంలో ఈ వంట ఉంది. ఆకులో చుట్టి, చిక్కటి బూడిద నీళ్లలో మెత్తగా ఉడికించాలని తయారీ కూడా చెప్పాడు. అప్పట్లో అందులో వేసింది జిగట వరిగలు. మనకిప్పుడు మిల్లెట్ల దుకాణంలో దొరికే వరిగ జాతే. మూలలు తేలి ఉంటుంది కాబట్టి దాన్ని ‘కొమ్ముల వరిగ’ అనే అర్థం వచ్చే పేరుతో కూడా పిలిచేవారు. దువాన్‌వూ రోజునా, పగలు అన్నిటికంటే పొడుగ్గా ఉండే రోజునా దాన్ని తినేవారు. వేసవి మధ్యలో చలువా వేడీ ఇంకా విడిపోకుండా ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉన్నాయనడానికి అది గుర్తు అని ఆయన వివరణ. అందులో చ్యూ యువాన్ పేరే లేదు.

జోంగ్జినీ కవినీ కలిపిన కథ మనకు దొరికేది ఇంకా తర్వాత, ఆరో శతాబ్దం మొదట్లో. వూ జున్ అనే రచయిత వింత కథలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం అది. ఆ కథ ఇలా సాగుతుంది. చ్యూ యువాన్ మీద జాలితో ఛూ జనం ఏటా ఆ రోజున వెదురు గొట్టాల్లో బియ్యం పోసి నదిలో వేసేవారు. చాలా కాలానికి చాంగ్షా ఊరి మనిషి ఒకడికి పెద్దమనిషి ఒకాయన కనిపించి, తాను ఫలానా అని తన పాత పదవి పేరు చెప్పుకున్నాడు. ‘మీరు పెడుతున్నది బాగానే ఉంది గానీ, నీళ్లలోని డ్రాగన్ ఏటా దొంగిలించుకుపోతోంది. ఈసారి గొట్టం మూతికి ఫలానా చెట్టు ఆకు కుక్కి, రంగు పట్టుదారం చుట్టండి. ఆ రెండూ దానికి భయం’ అన్న అర్థంలో చెప్పాడు. ఆ చెట్టు వేప కుటుంబంలోదే; మన ఊళ్లలో తురకవేప అంటారు. ఆకు ఎందుకు, దారం ఎందుకు అన్న ప్రశ్నకు దెయ్యం కథలాంటి ఈ కథలో జవాబు దొరికింది.

లెక్క చూడండి. కవి చనిపోయినప్పటికీ ఈ కథకీ మధ్య దాదాపు 800 ఏళ్లు. అంటే వంట ముందు నుంచీ ఉంది, కథ తర్వాత వచ్చి దాని మీద కూర్చుంది. పైగా ఇదొక్కటే కథ కాదు. సుజౌ వైపు వూ జీష్యూ అనే మంత్రి జ్ఞాపకంగా దువాన్‌వూ చేస్తామంటారు. జెజియాంగ్‌లో ఒకచోట, నదిలో గల్లంతైన తండ్రి కోసం వెతికిన త్సావ్ అ అనే అమ్మాయి పేరు చెబుతారు. అందరిలో చ్యూ యువాన్ పేరు గెలిచింది. ఆయన కవిత్వం దేశమంతా చదివారు కాబట్టి ఆయన కథా దేశమంతా వెళ్లిందని నాకనిపిస్తుంది.

కాబట్టి పిల్లలు అడిగితే ‘అంతా కట్టుకథ’ అనీ అనక్కర్లేదు, ‘అవును, అలాగే జరిగింది’ అనీ అనక్కర్లేదు. 1920లలో హూ షీ అనే పండితుడు చ్యూ యువాన్ అనే మనిషి అసలు ఉన్నాడా అని కూడా సందేహించాడు. ఎక్కువమంది చరిత్రకారులు ఉన్నాడనే అంటారు. మనిషి ఉన్నాడు, మీలువో నది మాట సీమా చియన్ చెప్పింది, అన్నం సంగతి వందల ఏళ్ల తర్వాత చేరింది. ఆరో తరగతి పిల్లలకు ఇంత చెబితే బాగానే అర్థమవుతుంది. ‘ఎవరు చెప్పారు? జరిగిన ఎన్నేళ్లకు చెప్పారు?’ అన్న రెండు ప్రశ్నలు వాళ్లకు సోషల్ పాఠంలోనూ పనికొస్తాయి, ఫోన్‌లో వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌ల దగ్గరా పనికొస్తాయి.

వంటింటి గుమ్మం దగ్గర వస

కథ పక్కన పెడితే, ఆ రోజుకు మొదటి నుంచీ ఉన్న అర్థం వేరు. చైనాలో ఐదో నెలను చెడ్డ నెల అనుకునేవారు. ఎండలు, వానలు, పురుగూ పుట్రా, జ్వరాలు అన్నీ ఒకేసారి వచ్చే కాలం. పాము, జెర్రి, తేలు, బల్లి, కప్ప, ఈ ఐదింటినీ ‘ఐదు విషాలు’ అని లెక్కపెట్టేవారు. వాటిని దూరం పెట్టడానికి గుమ్మానికి రెండు రకాల ఆకులు కడతారు, ఇప్పటికీ. ఒకటి మన మాచిపత్రికి దగ్గరి చుట్టం. వినాయక చవితి పత్రిలో ముందుగా వచ్చే పేరు అదే. రెండోది వస. చంటిపిల్లలకు మాటలు రావాలని మన అమ్మమ్మలు అరగదీసి నాలుకకు రాసే వస కొమ్ము మొక్కే. అక్కడ దాని ఆకు కత్తిలా ఉంటుందని, చెడును నరుకుతుందని కడతారు. పిల్లల మణికట్టుకు ఐదు రంగుల దారం, మెడలో సువాసన మూలికలు నింపిన చిన్న సంచి. వూ జున్ కథలోని రంగుల దారం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పెద్దవాళ్లు ఆ రోజున మణిశిల కలిపిన సారా కూడా తాగేవారు. మణిశిల అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. విషాన్ని విషంతో విరిచేద్దామనుకున్నారు కాబోలు. ఆచారాలన్నిటి వెనకా సైన్స్ ఉందని మనం పిల్లలకు తరచూ చెబుతుంటాం. అన్నిటి వెనకా ఉండదనడానికి ఇదో ఉదాహరణ.

రెండో ప్రశ్న

‘ఆయన ఎందుకు చనిపోయాడు?’ దీనికి వెబ్‌సైట్లలోనూ, పిల్లల పుస్తకాల్లోనూ ఒకే జవాబు ఉంటుంది: దేశభక్తి వల్ల. పెద్దవాళ్లం మనం దాన్ని చదివి తల ఊపి పేజీ తిప్పేస్తాం. కానీ టీనేజ్‌లోకి అడుగుపెడుతున్న పిల్లలు దాన్ని మరోలా వినవచ్చు: నా మాట ఎవరూ వినలేదు, నేను ఓడిపోయాను, నేను పోతే అందరూ నన్ను తలచుకుంటారు, పండుగ కూడా చేస్తారు. మార్కులు, ర్యాంకుల మధ్య పెరుగుతున్న పిల్లల దగ్గర ఈ కథను మనం జాగ్రత్తగా చెప్పాలి.

ఆయన చావును గొప్ప పనిగా చెప్పకండి. ఆయన్ను తలచుకునేది రాసిన కవితల కోసం, రాజుకు నచ్చకపోయినా ఉన్నమాట చెప్పినందుకు. చనిపోకుండా ఉంటే ఇంకా రాసేవాడు కదా అని పిల్లలతో అనవచ్చు. అది నిజం కూడా. మరో సంగతి, జనం చెప్పుకునే కథలో అందరూ మర్చిపోయే సగం ఒకటుంది. వార్త తెలియగానే ఊరివాళ్లు పడవలు ఎక్కి ఆయన్ను కాపాడటానికి పరుగెత్తారు, డప్పులు కొట్టారు, నదంతా వెతికారు. పడవ పందేలకు ఇదే కారణమని చెబుతారు. కొలువులో తనకెవరూ లేరనుకున్న మనిషి కోసం అంతమంది ఒడ్డున ఉన్నారు. ఆయనకు ఆ సంగతి తెలియలేదు. నన్నడిగితే ఈ కథలో పిల్లలకు చూపించాల్సింది ఆ పడవలెక్కినవాళ్లనే.

మీ అబ్బాయో అమ్మాయో ఈ కథలో ఆ ఒక్క చోటే ఆగిపోయి మళ్లీ మళ్లీ అదే అడుగుతుంటే, ‘అలాంటి మాటలు మాట్లాడకూడదు’ అని నోరు మూయించకండి. నీకూ ఎప్పుడైనా అలా అనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందన్న భయం అక్కర్లేదు. క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

పరీక్షల జోంగ్జి

ఇదే జోంగ్జికి చైనా తల్లిదండ్రుల దగ్గర ఇంకో అర్థం కూడా ఉంది. అది వింటే మీకు నవ్వూ వస్తుంది, సానుభూతీ కలుగుతుంది. అక్కడి ఇంటర్ పిల్లలు యూనివర్సిటీలో చేరడానికి రాసే గావ్‌కావ్ పరీక్ష జూన్ 7న మొదలవుతుంది. 2024లో 1.34 కోట్ల మంది దరఖాస్తు చేసుకున్నారు. చాలా ఏళ్లు దువాన్‌వూ ఆ పరీక్షల ముందో వెనకో పడుతుంది. ‘జోంగ్’ అనే మాట, పరీక్షలో నెగ్గడం అనే అర్థమున్న మాటకు దగ్గరగా వినిపిస్తుంది. కేక్‌ను ‘గావ్’ అంటారు; ‘పై’ అనే అర్థమున్న మాట కూడా అలాగే పలుకుతుంది. రెండూ కలిపి పెడితే ‘పైస్థాయిలో పాసవు’ అని దీవించినట్టు. అందుకే పరీక్ష ముందు కేక్, జోంగ్జి కలిపి తినిపిస్తారు. రాజుల కాలంలో ఉద్యోగ పరీక్షలకు వెళ్లేవాళ్లకు కుంచె కలం ఆకారంలో సన్నగా, పొడుగ్గా చుట్టిన జోంగ్జి ఇచ్చేవారట. దాని పేరు పలికితే ‘తప్పకుండా నెగ్గుతావు’ అన్నట్టు వినిపిస్తుంది. హాల్‌టికెట్ దేవుడి పటం ముందు పెట్టి బొట్టు పెట్టే మనకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. ఒకే పొట్లం మీద ఓడిపోయిన మనిషి జ్ఞాపకమూ, గెలవాలన్న పిల్లల మీది ఆశా రెండూ ఉన్నాయి. అక్కడి వాళ్లెవరూ దాన్ని వింతగా చూడరు.

సింగపూర్ పిన్ని పంపిన ఫొటో

ఉత్తర చైనాలో జోంగ్జి తీపి. లోపల ఎర్ర ఖర్జూరం లాంటి రేగుజాతి పండు, పంచదారలో అద్దుకుని తింటారు. దక్షిణాన కారం, ఉప్పు: పంది మాంసం, ఉప్పులో ఊరిన గుడ్డు సొన. జియాషింగ్ ఊరి మాంసం జోంగ్జి దేశమంతటా అమ్ముతారు. కాంటన్ వైపు పెసరపప్పు కూడా వేస్తారు. తీపా, కారమా అని ఏటా అక్కడ సోషల్ మీడియాలో వాదులాట. పులిహోరలో ఇంగువ ఉండాలా వద్దా అన్నంత పట్టుదలగా. బూడిద నీళ్లలో ఉడికించే పాతకాలపు రకమూ బతికే ఉంది. ఆ క్షారానికి అన్నం పసుపు రంగుకు తిరుగుతుంది, చల్లారాక తేనెతో తింటారు.

సింగపూర్, మలేషియాల్లో ఉన్న మన బంధువులకు జూన్ వచ్చిందంటే ఇవి ఆఫీసులోనూ, పక్క ఫ్లాట్ నుంచీ అందుతాయి. అక్కడ ఎక్కువగా వినిపించే పేరు బక్ చాంగ్. ‘బక్’ అంటే మాంసం, సాధారణంగా పంది మాంసం. శాకాహారులు అడిగి తీసుకోవడం మంచిది. న్యోన్యా రకంలో అన్నం ఒక మూల నీలంగా ఉంటుంది. అది కృత్రిమ రంగు కాదు, మన పెరట్లో పూసే శంఖుపువ్వు రసం. లోపల తీపి బూడిద గుమ్మడి ముక్కలు కూడా పడతాయి.

ఈ పండుగను అందరూ మాదే అంటారు. దక్షిణ కొరియాలోని గాంగ్నుంగ్ ఊరు ఇదే తిథికి చేసే దానోజె ఉత్సవాన్ని 2005లో యునెస్కో గుర్తించినప్పుడు చైనాలో పెద్ద గొడవే రేగింది. 2008 నుంచి అక్కడ దువాన్‌వూకు ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. 2009లో దువాన్‌వూ కూడా యునెస్కో జాబితాలో చేరింది.

ఇంట్లో చేసి చూడాలనుకుంటే

జిగట బియ్యం పెద్ద ఊళ్లలో సూపర్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. మామూలు బియ్యంతో చేస్తే పొట్లం విప్పగానే విడిపోతుంది, ప్రయత్నించకండి. రాత్రంతా నానబెట్టండి. ఎండు వెదురాకులు దొరికితే మరుగుతున్న నీళ్లలో వేసి మెత్తబడనివ్వాలి. దొరక్కపోతే మంట మీద వాడ్చిన అరిటాకు వాడవచ్చు. వాసన వేరుగా ఉంటుంది గానీ మనకు అలవాటైన వాసనే. లోపల నానబెట్టిన పెసరపప్పు, లేదా గింజ తీసిన ఖర్జూరం పెట్టండి. బియ్యం ఉబ్బుతుంది కాబట్టి కూరి కూరి నింపవద్దు, దారం మాత్రం గట్టిగా కట్టాలి. పొట్లాలు మునిగేలా నీళ్లు పోసి, సన్నని మంట మీద రెండు మూడు గంటలు ఉడికించండి. మధ్యలో నీళ్లు తగ్గితే వేడి నీళ్లే పోయండి. దింపాక ఇంకో గంట అదే నీళ్లలో ఉంచితే బాగా కుదురుకుంటుంది. పొయ్యి దగ్గర పని మీది, దారం కట్టే పని పిల్లలది.

ఈ అన్నం గొంతులో అడ్డుపడే రకం. ఐదేళ్ల లోపు పిల్లలకు చిన్న చిన్న ముక్కలుగా కోసి, దగ్గర కూర్చుని పెట్టండి. అరగడానికీ టైమ్ పడుతుంది, రాత్రి భోజనంలో కంటే పగలు మేలు. ఆకు మాత్రం తినేది కాదు.